15వ శాసనసభ బలాబలాలు: 151-23-1 అని రాసి వదిలేస్తే సరిపోతుందా?

గాలిగోపురం
తిరుపతిలో గ్రూప్ 2 పిల్లలు చదువుకునే రీడింగ్ రూమ్ గోడకు ఒక చార్టు కావాలి. ఆంధ్రప్రదేశ్ 15వ శాసనసభలో, అంటే 2019 నుంచి 2024 దాకా, ఏ పార్టీకి ఎంతమంది అన్నది అందులో ఉండాలి. మూడు చిత్తుప్రతులు చేతికొచ్చాయి, మూడింట్లో మూడు లెక్కలు. మొదటిదాంట్లో వైఎస్సార్‌సీపీ 151, టీడీపీ 23, జనసేన 1. రెండోదాంట్లో 156, 19, 0. మూడోదాంట్లో 147, 18, 1, ఖాళీలు 9. మూడూ కూడితే 175కే వస్తున్నాయి, కూడికలో పొరపాటు లేదు. గోడకెక్కించాల్సింది ఏది? ఇంకొకటి, మన జిల్లా వరకు పక్కన చిన్న పెట్టె కట్టాలి. అందులో 14 సీట్లు చూపాలా, 7 చూపాలా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

స్వర్ణముఖి
మూడింట్లో ఏదీ తప్పు కాదండీ. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ప్రశ్న రాయకుండా జవాబు ఒక్కటే రాయడంతో గందరగోళం వస్తోంది.

151-23-1 అనేది 2019 మే 23న ఓట్లు లెక్కపెట్టిన రోజు లెక్క. 156-19-0 అనేది సభలో ఎవరు ఎటువైపు నిలబడ్డారన్న లెక్క: టీడీపీ టికెట్ మీద గెలిచిన నలుగురు (గన్నవరం, గుంటూరు పశ్చిమ, చీరాల, విశాఖ దక్షిణం), రాజోలులో గెలిచిన జనసేన సభ్యుడు ఒకరు పాలకపక్షానికి మద్దతుగా నిలిచారు కాబట్టి పత్రికలు అలా కలిపి రాశాయి. 147-18-1-9 అనేది 2024 ఫిబ్రవరి ఆఖరున సభ రికార్డు ప్రకారం ఉన్న లెక్క.

చార్టులో మూడు నిలువు గడులు పెట్టండి: గెలిచిన రోజు, రికార్డు ప్రకారం, సభలో మద్దతు ప్రకారం. ప్రతి అంకె పక్కన తేదీ వేయండి. తేదీ లేని బలాబలాల పట్టికకు విలువ లేదు. మూడో గడి ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం. పరీక్షకు చదివేవాళ్లకైతే మొదటి రెండూ చాలు.

నీవానది
అంకెల కన్నా ముందు కాలం సరిచూసుకోండబ్బా. సగం చార్టుల్లో సభ గడువు ఫలితాల రోజు నుంచి మొదలుపెట్టేస్తారు. రాజ్యాంగం 172వ అధికరణం ప్రకారం ఐదేళ్లు లెక్క వేసేది సభ మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి. 15వ సభ మొదటి సమావేశం 2019 జూన్ 12. కాబట్టి గడువు 2024 జూన్ 11 వరకు. 14వ సభ మొదటిసారి కూర్చున్నది 2014 జూన్ 19న, గడువు 2019 జూన్ 18 దాకా. ఇప్పటి 16వ సభ మొదలైంది 2024 జూన్ 21న.

ఫలితాలు రాగానే ఎన్నికల సంఘం ప్రజాప్రాతినిధ్య చట్టం 73వ సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్ ఇస్తుంది. దాంతో సభ ఏర్పడినట్టే, కానీ ఐదేళ్ల గడియారం అప్పుడు మొదలవదు. ఈ రెండు తేదీలూ ఒకటే అనుకోవడం చాలామంది చేసే తప్పు.

సభ నంబరు సంగతీ రాయండి. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా ఆంధ్రప్రదేశ్ పాత వరుసనే కొనసాగించింది, 2009 నాటిది 13, 2014 నాటిది 14. తెలంగాణ ఒకటి నుంచి మొదలుపెట్టింది: 2014 మొదటిది, 2018 రెండోది, 2023 మూడోది.

అలిపిరి
ఒక సందేహం. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల తర్వాత వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది కదా. వెంకటగిరి, నెల్లూరు రూరల్, ఉదయగిరి, తాడికొండ. ఆ రోజు నుంచే 151లో నాలుగు తీసేయాలి కదా? మరి రికార్డు గడిలో 2024 ఫిబ్రవరి దాకా 151 అని ఎందుకు ఉంచుతారు?

స్వర్ణముఖి
తీయకూడదు. పార్టీ చేసే సస్పెన్షన్ పార్టీ ఆఫీసు వ్యవహారం, అనర్హత సభ వ్యవహారం. రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం ఎవరు ఏ పార్టీ టికెట్ మీద గెలిచారో ఆ పార్టీకే చెందినట్టు. పార్టీ బయటికి పంపించేసినా అంతే. 1996లో జి. విశ్వనాథన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బహిష్కరించినంత మాత్రాన సభ్యుడు ఏ పార్టీకీ చెందనివాడు అయిపోడు, తనను నిలబెట్టిన పార్టీ సభ్యుడిగానే లెక్క. స్పీకర్ అనర్హుడని ఉత్తర్వు ఇచ్చేదాకా ఆ సీటు ఆ పార్టీ గడిలోంచి కదలదు.

15వ సభలో ఆ ఉత్తర్వు 2024 ఫిబ్రవరి ఆఖరి వారంలో వచ్చింది. స్పీకర్ తమ్మినేని సీతారాం ఒకేసారి ఎనిమిది మందిని అనర్హులుగా ప్రకటించారు, ఈ నలుగురూ, టీడీపీ నుంచి అటు వెళ్లిన నలుగురూ. అదే ఏడాది జనవరిలో విశాఖ ఉత్తరం సభ్యుడు గంటా శ్రీనివాసరావు రాజీనామా ఆమోదం పొందింది. అందుకే టీడీపీ 23 నుంచి 22, తర్వాత 18. వైఎస్సార్‌సీపీ 151 నుంచి 147. ఖాళీలు 1 నుంచి 9.

ఆ రాజీనామా చూడండి, ఇచ్చింది 2021 ఫిబ్రవరిలో, విశాఖ ఉక్కు విషయమై. ఆమోదం పొందింది 2024 జనవరిలో. 190వ అధికరణం కింద స్పీకర్ ఆమోదిస్తేనే సీటు ఖాళీ అవుతుంది, కాగితం చేతికిస్తే కాదు. అంటే ఆ మధ్యలో దాదాపు మూడేళ్లు రికార్డులో టీడీపీ 23 గానే ఉండాలి. 2021 నుంచే 22 అని వేసిన చార్టు కనబడితే పక్కన పెట్టేయండి.

అలిపిరి
అర్థమైంది. మరి రాజోలు సీటు?

స్వర్ణముఖి
రికార్డు గడిలో జనసేన 1, మొదటి నుంచి చివరిదాకా. మారలేదు.

బహుదా
2023 మార్చి 23 నాటి ఎమ్మెల్సీ లెక్కను చార్టులో పక్కన చిన్న బొమ్మగా పెట్టండి. సభలో అసలు బలం ఎంతో ఆ ఒక్క రోజు తేటతెల్లమైంది. ఈ ఐదేళ్లలో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు.

ఎమ్మెల్యేల కోటాలో 7 స్థానాలు, 8 మంది అభ్యర్థులు. ఏడుగురు వైఎస్సార్‌సీపీ, ఒకరు టీడీపీ (పంచుమర్తి అనురాధ). ఓటు ప్రాధాన్య క్రమంలో వేస్తారు, ఒక్కో ఓటు కాగితానికి విలువ 100. 175 ఓట్లూ చెల్లితే మొత్తం విలువ 17,500. దాన్ని స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 8తో, భాగించాలి: 2,187, మిగిలినది వదిలేయాలి. దానికి 1 కలిపితే 2,188. ఇదీ కోటా. ఓట్లలో చెప్పాలంటే 21 ఓట్లకు విలువ 2,100 కాబట్టి చాలదు, 22 ఉండాలి.

ఇప్పుడు పాలకపక్షం పక్కన కూర్చుని లెక్క వేయండి. ఏడు సీట్లకు 22 చొప్పున 154 ఓట్లు కావాలి. మద్దతు గడిలో 156 ఉన్నాయి. రెండు ఎక్కువే. అందుకే ఏడుగురినీ నిలబెట్టారు. టీడీపీ వైపు మిగిలినవి 19, కోటాకు మూడు తక్కువ. కాగితం మీద చూస్తే ఏడూ పాలకపక్షానివే.

పెట్టె తెరిస్తే అనురాధకు 23. అంటే నాలుగు ఓట్లు ఇటు నుంచి అటు పోయాయి. మిగిలిన 152 ఓట్లు ఏడుగురికి ఎలా సర్దుకున్నాయంటే, ఐదుగురికి 22 చొప్పున 110, ఇద్దరికి 21 చొప్పున 42. ఆ ఇద్దరికీ కోటా అందలేదు. ఒక్క సీటే మిగిలింది. రెండో ప్రాధాన్య ఓట్లతో జయమంగళ వెంకటరమణ గెలిచారు, కోలా గురువులు ఓడారు. 23, 110, 42 కూడి చూసుకోండి, సరిగ్గా 175.

నాలుగో లెక్క కూడా ఇక్కడే పుట్టింది: 152-19-0, దూరమైనవాళ్లు 4. అది మద్దతు గడిలో 2023 మార్చి నాటి అంకె. రికార్డు గడిలో ఆ రోజు కూడా 151-23-1 మాత్రమే.

గాలిగోపురం
బహుదా గారూ, ఇది బంగారం. ఒక్క అనుమానం. టీడీపీ గెలిచినవి 23, అనురాధకు వచ్చినవి 23. చూసేవాళ్లు "టీడీపీ ఓట్లన్నీ టీడీపీకే పడ్డాయి, ఇందులో విశేషమేముంది" అనుకుంటారేమో?

బహుదా
అనుకుంటారు. అందుకే "19+4=23" అని విడగొట్టి రాయండి. గెలిచిన 23లో నలుగురు అటు పోయారు, 151లో నలుగురు ఇటు వచ్చారు, అంకె మళ్లీ 23 దగ్గరే ఆగింది. రెండు 23లూ కలవడం యాదృచ్ఛికం.

ఇంకో సంగతి. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. శాసనమండలికి ఎమ్మెల్యేలు వేసే ఓటు ఇప్పటికీ రహస్యమే. పైగా ఇలాంటి ఎన్నికలో వేసే ఓటు సభలో బిల్లు మీద వేసే ఓటు లాంటిది కాదు, దానికి విప్ ధిక్కారం సూత్రం వర్తించదు. ఎవరు ఎటు వేశారో ఓటు కాగితం చెప్పదు. పార్టీ తన అంచనాతో నలుగురిని సస్పెండ్ చేసిందంతే. పట్టికలో "ఈ నలుగురూ ఓటు మార్చారు" అని నిర్ధారణగా రాయవద్దు, "సస్పెండ్ అయ్యారు" అని రాయండి.

నీవానది
ఉప ఎన్నికల గడి మరిచిపోకండి. 15వ సభలో శాసనసభ ఉప ఎన్నికలు రెండే.

బద్వేలు (ఎస్సీ), 124వ నియోజకవర్గం. 2021 మార్చి 28న డాక్టర్ వెంకటసుబ్బయ్య మరణించారు. పోలింగ్ అక్టోబర్ 30న, ఫలితం నవంబర్ 2న, గెలిచింది ఆయన భార్య డాక్టర్ దాసరి సుధ. టీడీపీ, జనసేన పోటీలో లేవు.

ఆత్మకూరు, 115. మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న మరణించారు. పోలింగ్ జూన్ 23, ఫలితం జూన్ 26, గెలిచింది తమ్ముడు విక్రమ్‌రెడ్డి.

రెండూ వైఎస్సార్‌సీపీ సీట్లే, రెండూ అదే పార్టీకి తిరిగి వచ్చాయి. కాబట్టి మొదలు, చివర మాత్రమే చూస్తే ఈ మార్పు కనబడదు. కానీ 2021 ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ఏ రోజు చూసినా బలం 150-23-1, ఖాళీ 1. అలాగే 2022 మార్చి నుంచి జూన్ మూడో వారం దాకా.

తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా: 2021 ఏప్రిల్ 17న మన ఊళ్లో జరిగిన ఉప ఎన్నిక లోక్‌సభది. బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో వచ్చింది, డాక్టర్ ఎం. గురుమూర్తి గెలిచారు. శాసనసభ పట్టికలో దానికి చోటు లేదు. "తిరుపతి ఉప ఎన్నిక 2021" అని ఒక చిత్తుప్రతిలో ఉంటే కొట్టేయండి.

అలిపిరి
బద్వేలుకు ఆరు నెలలు దాటింది కదా? ఆరు నెలల్లో పెట్టాలని కదా రూలు? మరి 2024లో తొమ్మిది ఖాళీలకు అసలు ఎన్నికే పెట్టలేదే?

నీవానది
రెండింటికీ జవాబు ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్‌లోనే ఉంది. ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలి. దానికి రెండు మినహాయింపులు. ఒకటి, మిగిలిన కాలం ఏడాది కన్నా తక్కువైతే అక్కర్లేదు. రెండు, ఆ గడువులో జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్రంతో సంప్రదించి ధ్రువీకరిస్తే వాయిదా వేయవచ్చు. 2021లో కోవిడ్ రెండో అల. 2024 ఖాళీలు గడువుకు ఐదు నెలల లోపువి, కాబట్టి మొదటి మినహాయింపు.

14వ సభలోనూ ఇలాగే అయింది. అరకు సభ్యుడు కిడారి సర్వేశ్వరరావును 2018 సెప్టెంబర్‌లో మావోయిస్టులు కాల్చిచంపారు. ఏడాది కూడా మిగలలేదు కాబట్టి ఆ సీటు చివరిదాకా ఖాళీనే. ఆయన కుమారుడు శ్రవణ్‌ను నవంబర్‌లో మంత్రిని చేశారు, కానీ ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కావాలన్న 164(4) అడ్డొచ్చి 2019 మేలో రాజీనామా చేయాల్సి వచ్చింది. మంత్రుల జాబితా, సభ్యుల జాబితా ఎందుకు విడివిడిగా పెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

కపిలతీర్థం
జిల్లా పెట్టె గురించి నేను చెప్తాను, అక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

2019 ఎన్నికల నాటికి ఉమ్మడి చిత్తూరు జిల్లా, 14 సీట్లు. తంబళ్లపల్లె 162 నుంచి కుప్పం 175 దాకా వరుసగా ఉంటాయి. అందులో వైఎస్సార్‌సీపీ 13, టీడీపీ 1. ఆ ఒక్కటి కుప్పం, చంద్రబాబునాయుడు. తిరుపతిలో భూమన కరుణాకరరెడ్డికి వచ్చిన ఆధిక్యం 708 ఓట్లు మాత్రమే. సీట్ల అంకె 13-1 అని చూసి ప్రతిచోటా ఏకపక్షమనుకోకూడదు.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ విభజనలో తిరుపతి జిల్లాకు 7: చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, వాటికి తోడు నెల్లూరు నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి. చిత్తూరు జిల్లాకు 7: పుంగనూరు, నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం. పీలేరు, మదనపల్లె, తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాకు పోయాయి.

నియోజకవర్గాల సరిహద్దులు మారలేదు, నంబర్లూ మారలేదు. జిల్లా పేరు మాత్రమే మారింది. అందుకే తిరుపతి జిల్లా సీట్ల నంబర్లు ఒక వరుసలో ఉండవు: 120, 121, 122 ఒకచోట, 166 నుంచి 169 మరోచోట. ఎక్సెల్‌లో నంబరు పట్టి జిల్లాలు విడగొడితే వెంకటగిరి నెల్లూరులోనే ఉండిపోతుంది. అదే అసలు గొడవ, ఎందుకంటే 2024 ఫిబ్రవరిలో అనర్హత పడిన వాటిలో వెంకటగిరి ఒకటి. తిరుపతి జిల్లా అని లెక్కేస్తే 2019లో 7కు 7 వైఎస్సార్‌సీపీ, చివరికి 6, ఖాళీ 1. ఉమ్మడి చిత్తూరు అని లెక్కేస్తే మొదలూ చివరా 13-1, ఏమీ మారలేదు.

కపిలతీర్థం
ఇందాక చెప్పడం మరిచాను. 2022 విభజన ప్రకారం తిరుపతి జిల్లాలో 7, తిరుపతి లోక్‌సభ కింద కూడా 7. ఆ ఏడూ ఈ ఏడూ ఒకటి కాదు. లోక్‌సభ కింద సర్వేపల్లి ఉంటుంది, చంద్రగిరి ఉండదు. జిల్లాలో చంద్రగిరి ఉంటుంది, సర్వేపల్లి నెల్లూరులోనే. చిత్తూరుదీ ఇదే తంతు: లోక్‌సభ కింద చంద్రగిరి ఉంటుంది, పుంగనూరు ఉండదు (అది రాజంపేట లోక్‌సభ). జిల్లాలో పుంగనూరు ఉంటుంది.

2014తో పోల్చాలనుకుంటే ఇంకో జాగ్రత్త. 2009, 2014 ఎన్నికలు ఉమ్మడి రాష్ట్ర వరుసతో జరిగాయి. తెలంగాణవి 1 నుంచి 119, ఇచ్ఛాపురం 120, కుప్పం 294. ఆ లెక్కన తిరుపతి 286. 2019 నుంచి ఇచ్ఛాపురం 1, తిరుపతి 167. పాత నంబరులోంచి 119 తీసేస్తే కొత్తది. ఇది చేయకుండా రెండు పట్టికలు కలిపితే 2014 నాటి ఇచ్ఛాపురం ఫలితం సూళ్లూరుపేటకు కాస్త పక్కన, గూడూరు వరుసలో వచ్చి కూర్చుంటుంది.

గాలిగోపురం
నంబర్ల సంగతి ఎవరూ చెప్పలేదు ఇంతవరకు. సరే, పెట్టెకు "ఉమ్మడి చిత్తూరు, 14" అని పేరు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో 2022 తర్వాతి జిల్లా రాస్తాను. ఎన్నిక జరిగిన నాటి జిల్లాయే ప్రధానం కదా?

కపిలతీర్థం
అవును, అదే పద్ధతి. పోల్చడానికీ అదే వీలు. ఉమ్మడి చిత్తూరు 14లో 2014లో వైఎస్సార్‌సీపీ 8, టీడీపీ 6. 2019లో 13, 1. 2024లో టీడీపీ 11, జనసేన 1 (తిరుపతి, ఆరణి శ్రీనివాసులు), వైఎస్సార్‌సీపీ 2 (పుంగనూరు, తంబళ్లపల్లె). ఆరణి శ్రీనివాసులు 2019లో చిత్తూరు నుంచి వైఎస్సార్‌సీపీ టికెట్ మీద గెలిచినవారే, సత్యవేడులో కోనేటి ఆదిమూలం కూడా 2019లో వైఎస్సార్‌సీపీ, 2024లో టీడీపీ. వ్యక్తి పేరు పట్టి పార్టీ గడి నింపితే ఇలాంటిచోట బోల్తా పడతారు. సభ నంబరూ, నియోజకవర్గమూ రెండూ చూసే నింపాలి.

స్వర్ణముఖి
గడువు మధ్యలో మార్పులు అర్థం కావాలంటే తిరుపతి సీటు ఒక్కటి చాలు. 2009లో 13వ సభకు ప్రజారాజ్యం తరఫున చిరంజీవి గెలిచారు. ఆ సభ ఫలితం: కాంగ్రెస్ 156, టీడీపీ 92, ప్రజారాజ్యం 18, టీఆర్ఎస్ 10, మజ్లిస్ 7, సీపీఐ 4, బీజేపీ 2, సీపీఎం 1, లోక్‌సత్తా 1, ఇండిపెండెంట్లు 3. మొత్తం 294. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో విలీనమైంది. 2012లో చిరంజీవి రాజ్యసభకు వెళ్లడంతో సీటు ఖాళీ. ఆ జూన్ 12న రాష్ట్రంలో 18 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే 15 వైఎస్సార్‌సీపీ గెలిచింది, తిరుపతి అందులో ఒకటి. అంటే ఒకే గడువులో ఒకే సీటు మూడు పార్టీల గడులు మారింది, మూడూ చట్టప్రకారమే: గెలుపు, విలీనం, ఉప ఎన్నిక.

14వ సభలో వెంకటరమణ (టీడీపీ) గెలిచిన కొద్ది నెలలకే 2014 డిసెంబర్‌లో మరణించారు, 2015 ఫిబ్రవరి ఉప ఎన్నికలో ఆయన భార్య సుగుణమ్మ గెలిచారు. పార్టీ మారలేదు, సభ్యులు మారారు.

ఇప్పుడు పలమనేరు చూడండి. 2014లో అమరనాథరెడ్డి వైఎస్సార్‌సీపీ తరఫున గెలిచారు, 2016లో టీడీపీలోకి వెళ్లారు, 2017 ఏప్రిల్‌లో టీడీపీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అనర్హత ఉత్తర్వు రాలేదు కాబట్టి రికార్డు గడిలో చివరిదాకా వైఎస్సార్‌సీపీ. ఆ గడువులో అలా వెళ్లినవాళ్లు 23 మంది. వైఎస్సార్‌సీపీ గెలిచిన 67 మందిలో మూడింట రెండు వంతులంటే 45 మంది ఉండాలి, అప్పుడే పదో షెడ్యూలు నాలుగో పేరా విలీనం రక్షణ దొరికేది. 2003కు ముందు మూడో వంతు చీలినా చెల్లేది, 91వ సవరణతో అది పోయింది. 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెస్ 18 మందిలో 12 మంది ఒకేసారి వెళ్లింది ఈ మూడింట రెండు వంతుల లెక్క కోసమే. మన 15వ సభలో టీడీపీ 23కు 16 కావాలి, వెళ్లింది నలుగురు.

స్పీకర్ ఎంతకాలంలో తేల్చాలన్నది షెడ్యూలులో రాసి లేదు. 2020లో మేఘచంద్రసింగ్ కేసులో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. పార్టీలు ఏవైనా కావచ్చు, ఓటరు వేసిన గుర్తు ఒకటి, సభలో వినబడే గొంతు ఇంకొకటి అయి ఏళ్లు గడవడం నాకు బాధాకరమే. పట్టికలో రెండు గడులు పెట్టాల్సి వస్తున్నదే అందుకు.

అలిపిరి
ప్రతిపక్ష హోదాకు 18 మంది ఉండాలంటారు. అది రాజ్యాంగంలో ఎక్కడుంది?

బహుదా
రాజ్యాంగంలో లేదు. రాజ్యాంగంలో ఉన్న పదో వంతు కోరం గురించి. 189వ అధికరణం ప్రకారం పది మంది లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175కు 17.5, అంటే 18 మంది ఉంటేనే సభ నడుస్తుంది. ప్రతిపక్ష హోదాకు పదో వంతు అన్నది లోక్‌సభ తొలి స్పీకర్ మావ్‌లంకర్ కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ. అంకె ఒకటే కావడంతో రెండింటినీ కలిపేస్తారు.

మన రాష్ట్రంలో 1953 నాటి జీతభత్యాల చట్టం ప్రతిపక్ష నేత అంటే ప్రతిపక్షంలో సంఖ్యాబలం ఎక్కువున్న పార్టీ నాయకుడు, స్పీకర్ గుర్తించినవారు అంటుంది. 15వ సభలో టీడీపీ 23 కాబట్టి ప్రశ్నే రాలేదు. 16వ సభలో టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8, వైఎస్సార్‌సీపీ 11. అక్కడ వివాదం వచ్చి హైకోర్టు దాకా వెళ్లింది. చార్టులో "హోదా ఆనవాయితీ: 18" అని రాయండి, "రాజ్యాంగ నిబంధన" అని రాయవద్దు.

పనిలో పని, ఇంకో అంకె. మండలి రద్దు తీర్మానం 2020 జనవరి 27న 133-0తో నెగ్గింది. కొందరు 133ను పార్టీ బలమనుకుని రాస్తారు. అది ఆ రోజు పడిన ఓట్లు. 169వ అధికరణం కింద మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, అంటే 88, పైగా హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు ఉండాలి. రెండూ దాటింది. ఆ తీర్మానాన్ని 2021 నవంబర్ 23న వెనక్కి తీసుకున్నారు, మండలి అలాగే ఉంది: 58 మంది. ఎమ్మెల్యేల కోటా 20, స్థానిక సంస్థలు 20, పట్టభద్రులు 5, ఉపాధ్యాయులు 5, నామినేటెడ్ 8. శాసనసభలో మూడో వంతు దాటకూడదు, 175కు మూడో వంతు 58.33.

నీవానది
ఓట్ల శాతం కూడా వేస్తారా? వేస్తే పోటీ చేసిన సీట్లు పక్కన రాయండి. 2019లో వైఎస్సార్‌సీపీకి 49.95 శాతం, టీడీపీకి 39.17, జనసేనకు 5.53. 2024లో టీడీపీకి 45.60, వైఎస్సార్‌సీపీకి 39.37. దాదాపు ఒకే శాతం ఓట్లకు 2019లో టీడీపీకి 23 సీట్లు, 2024లో వైఎస్సార్‌సీపీకి 11. 2024లో టీడీపీ 144 చోట్ల, జనసేన 21, బీజేపీ 10 చోట్ల నిలబడ్డాయి, ఒకరి ఓట్లు ఒకరికి కలిశాయి. టీడీపీ 45.60 శాతం 144 సీట్లలో తెచ్చుకున్నది. అది చెప్పకుండా రెండు ఏళ్ల శాతాలు పక్కపక్కన పెడితే చదివేవాళ్లు దారి తప్పుతారు.

గాలిగోపురం
అందరూ చెప్పినవి కలిపి రికార్డు గడికి వరుసలు ఇలా రాశాను. తప్పులుంటే చెప్పండి.

2019 మే 23: 151-23-1, ఖాళీ 0
2021 మార్చి 28: 150-23-1, ఖాళీ 1 (బద్వేలు, మరణం)
2021 అక్టోబర్ 30: 151-23-1, ఖాళీ 0 (బద్వేలు, ఉప ఎన్నిక)
2022 ఫిబ్రవరి 21: 150-23-1, ఖాళీ 1 (ఆత్మకూరు, మరణం)
2022 జూన్ 23: 151-23-1, ఖాళీ 0 (ఆత్మకూరు, ఉప ఎన్నిక)
2023 మార్చి: మార్పు లేదు (సస్పెన్షన్ మాత్రమే)
2024 జనవరి: 151-22-1, ఖాళీ 1 (విశాఖ ఉత్తరం, రాజీనామా ఆమోదం)
2024 ఫిబ్రవరి: 147-18-1, ఖాళీ 9 (ఎనిమిది అనర్హతలు)

స్వర్ణముఖి
చాలా బాగుంది. రెండు వరుసల్లో తేదీ మార్చాలి. ఉప ఎన్నికకు పోలింగ్ రోజు వేశారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 67ఏ ప్రకారం రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన రోజే ఎన్నికైన రోజు. కాబట్టి బద్వేలుకు 2021 నవంబర్ 2, ఆత్మకూరుకు 2022 జూన్ 26. ప్రమాణం చేసేదాకా సభలో కూర్చోవడానికి, ఓటేయడానికి 188వ అధికరణం ప్రకారం వీల్లేదు, కానీ సీటు ఖాళీ కాదు.

2014కు కూడా ఇలాంటిదే చేయాలనుకుంటే మొదటి వరుస: టీడీపీ 102, వైఎస్సార్‌సీపీ 67, బీజేపీ 4, నవోదయం 1 (చీరాల), ఇండిపెండెంట్ 1 (పిఠాపురం). నంద్యాల 2017 ఆగస్టు ఉప ఎన్నికలో టీడీపీకి వచ్చింది, అది రికార్డు గడిలో నిజంగా మారిన సీటు. మిగతా వలసలు మద్దతు గడిలోకి.

గాలిగోపురం
తేదీలు సరిచేశాను. ఖాళీలకు బూడిద రంగు, పార్టీ రంగు వేయకుండా. వెంకటగిరి, 122, తిరుపతి జిల్లా అని పక్కన రాసి బూడిద రంగే వేశాను.

కపిలతీర్థం
సరిపోయింది. నా పోస్టులో ఒక సవరణ: 2014 ఇచ్ఛాపురం నంబరు 120 కాబట్టి, 119 తీయకపోతే అది కొత్త వరుసలో గూడూరు మీదికే వస్తుంది, పక్కకు కాదు. 2014 పట్టిక మొదలుపెట్టినప్పుడు కుప్పం వరుస ముందు సరిచూడండి. 294 అక్కడ 175 అయిందంటే మిగిలినవన్నీ సరిగ్గా పడ్డట్టే.